మూడే ఉరుములు

నేను ఒక ఇనప రేకును. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. మెల్లగా మాట్లాడడం నాకు పుట్టుకతోనే రాదు కనక ఈ కథ కూడా మెల్లగా చెప్పను. పదకొండేళ్ళపాటు ఒక పెద్దమనిషి మతిమరుపును గొంతు చించుకుని కప్పెట్టాను. ఆ మంట నాకింకా ఆరలేదు. వినే ఓపిక ఉంటే కూర్చోండి, లేకపోతే మీ దారిన మీరు పొండి.

ఎక్కడో ఒక కార్ఖానాలో నన్ను ఎర్రగా కాల్చి, రెండు ఉక్కు రోలర్ల మధ్య అప్పడంలా ఒత్తారు. రైలెక్కించి, గోదావరి జిల్లాలో ఒక జంక్షన్ ఊరికి పంపి, గూడ్సు షెడ్డు తలుపుకు మేకులతో బిగించారు. తొమ్మిదేళ్ళు బెల్లం బుట్టలకూ ధాన్యం బస్తాలకూ కాపలా కాశాను. ఒక్కరూ నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు. చివరికి ఒక తుపానుకు ఆ తలుపు విరిగింది, నేను ఎగిరి పట్టాల పక్కన బురదలో పడ్డాను.

అక్కడ నన్ను చూసినవాడు ఏసుపాదం. రైల్వేలో కీమేన్. అంటే రోజూ పొద్దున్నే భుజాన సుత్తి, చేతిలో పానా పట్టుకుని ఆరు మైళ్ళ పట్టాల వెంట ఒంటరిగా నడిచి, వదులైన చోటల్లా బిగించుకుంటూ పోయే మనిషి. బురదలోంచి నన్ను రెండు చేతులా ఎత్తి ఒక్క విదిలింపు విదిలించాడు. నాకు ఒళ్ళు మండి గుర్రుమన్నాను. అతను బెదిరి వెనక్కి గెంతాడు. మళ్ళీ దగ్గరికొచ్చి మళ్ళీ విదిలించాడు. మళ్ళీ గుర్రుమన్నాను.

"ఓర్నాయనో! ఇది ఉరుముతుందిరా బాబూ!" అని ఒక్కడే పకపకా నవ్వాడు. నా జన్మకు అదే మొదటి మెప్పు.

ఉరుముతో అతనికేం పనంటారా? చెబుతాను. ఆ ఊళ్ళో రైల్వే ఇన్‌స్టిట్యూట్ అని ఒక హాలుంది. ఒక మూల కేరమ్ బల్లలు, ఇంకో చివర స్టేజీ. పగలంతా టిక్కెట్లు కొట్టే గుమాస్తాలు సాయంత్రమయ్యేసరికి మొహాలకు రంగు పూసుకుని మహారాజులైపోతారు. వాళ్ళ సంఘం పేరు వాణీ విలాస కళాసమితి. దానికి అధ్యక్షుడు, దర్శకుడు, హీరో అన్నీ ఒక్కరే, హెడ్ బుకింగ్ క్లర్కు రామగోపాలం గారు. మనిషి పొడగరి, గొంతు కంచు, అది నేను కాదనను. ఉన్న లోటల్లా ఒక్కటే. మూడు వాక్యాలు దాటాక నాలుగోది ఆయనకు ఛస్తే గుర్తుండదు.

ఆ ఏడు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే అవధానులు మాస్టారు నాలుగు వందల ఏళ్ళ నాటి ఇంగ్లీషు నాటకమొకదాన్ని తెలుగులోకి దించారు. ఒక ముసలి రాజు, ముగ్గురు కూతుళ్ళు. ఎవరెంత పొగిడితే వాళ్ళకంత రాజ్యం ఇస్తానంటాడు రాజు. పొగిడిన ఇద్దరికీ పంచిపెట్టి, ఉన్నమాట చెప్పిన చిన్నదాన్ని వెళ్ళగొడతాడు. తర్వాత ఆ ఇద్దరూ ఈయన్ని బయటికి గెంటేస్తే, గాలివానలో నిలబడి గుండెలు బాదుకుంటాడు. కథ అంతే. పసిపిల్లకు చెప్పినా తెలుస్తుంది. పదకొండేళ్ళు ఆడిన రామగోపాలం గారికి మాత్రం తెలియలేదు.

ఆ గాలివాన కోసం అంతకుముందు కిరసనాయిలు డ్రమ్ములో గులకరాళ్ళు పోసి దొర్లించేవారట. జనం నవ్వేవారట. ఏసుపాదం నన్ను కడిగి, అంచులు అరగదీసి, పైన రెండు కన్నాలు పొడిచి తాడు కట్టి, కింద కర్ర పిడి బిగించి స్టేజీ పక్క దూలానికి వేలాడదీశాడు. పిడి పట్టుకుని వణికిస్తే దూరపు ఉరుము. ఒక్క గుంజు గుంజితే పక్కింటి మీద పిడుగు. కళాసమితి వాళ్ళంతా భుజాలు తట్టుకున్నారు. అవధానులు మాస్టారు తన రాతప్రతిలో మూడు చోట్ల ఎర్ర సిరాతో 'ఉరుము' అని రాశారు. గుర్తుపెట్టుకోండి, మూడే చోట్ల.

మొదటి ప్రదర్శన రోజున గాలివాన రంగం మొదలైంది. రామగోపాలం గారు జనపనార గడ్డం ఊపుకుంటూ ముందుకొచ్చి, "నా కోట గోడలన్నీ నన్ను పొగిడాయి!" అని గర్జించారు. ఇంకో రెండు వాక్యాలూ బాగానే లాగించారు. ఆ తర్వాత నోరు తెరిచారు, తెరిచినట్టే ఉంచారు. నాలుక తిరగలేదు. మాస్టారు పక్కనుంచి మెల్లగా అందించారు, ఆయనకు వినబడలేదు. గట్టిగా అందిస్తే జనానికి వినబడుతుంది, పరువు పోతుంది. ఏసుపాదానికి ఏం తోచిందో ఏమో, నా పిడి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. నేను హాలంతా దద్దరిల్లేటట్టు ఉరిమాను. ఆ ఉరుము చాటున మాస్టారు నోరారా అరిచి వాక్యం అందించారు, రాజుగారు అందుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఉరుముకు రాజు నిశ్చేష్టుడైపోయాడనుకున్నారు పిచ్చి జనం!

అది మొదలు అదే పద్ధతైపోయింది. రాజుగారు మరిచిపోవడం, నేను ఉరమడం, నా చాటున మాస్టారు అరవడం. రాసిన ఉరుములు మూడు, నేను ఉరిమినవి ఒక్కోనాడు పది, పన్నెండు. ఆయన కాకినాడలో ఆడినా, తణుకులో ఆడినా జబ్బు అదే, మందు నేనే.

అయితే ఇందులో ఒక కిటుకుంది. ఎక్కడ మరిచిపోతారో ముందే పసిగట్టాలంటే, ఉరిమేవాడికి ఆ మాటలన్నీ ఆడేవాడికంటే బాగా రావాలి. ఏసుపాదానికి వచ్చేశాయి. చదువు ఐదో తరగతి. అయితేనేం, ఆరు మైళ్ళ పట్టాల మీద పొద్దున్నే ఎవరుంటారు గనక? బోల్టు బిగిస్తూ ఒక మాట, పట్టాల కింది స్లీపరు చెక్క దాటుతూ ఒక మాట. డ్యూటీ దిగాక ఎవరూ లేని హాలుకొచ్చి, స్టేజీ మధ్యలో నిలబడి రాజు మాటలన్నీ మొదటినుంచి చివరిదాకా చెప్పేవాడు. అతని గొంతుకు నా ఒళ్ళు తనంతట తనే జలదరించేది. పిడి ఎవరూ ముట్టుకోకుండానే సన్నగా మూలిగేదాన్ని.

"ఏమే, బాగుందా?" అని నన్నడిగేవాడు. అతనికి నోరు తెరిచి బాగుందని చెప్పే దిక్కు నేను తప్ప ఇంకెవరున్నారు?

అతనికి ఒక్కటే కోరిక. జన్మలో ఒక్కసారి ఆ రాజు వేషం కట్టాలి. దొంగకోరిక కాదు, దాచుకున్నదీ కాదు. ఏటా ఒకసారి రామగోపాలం గారిని చేతులు కట్టుకుని అడిగేవాడు. ఆయన ఏటా నవ్వేవారు. "రాజంటే ఒక రూపం, ఒక వంశం ఉట్టిపడాలి ఏసుపాదం. నీకెందుకివన్నీ?" ఆ హాల్లో రిహార్సలుకు టీ వస్తే అందరికీ గాజు గ్లాసులు. ఏసుపాదానికి మాత్రం కిటికీలో బోర్లించిన సత్తు గ్లాసు. తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించాలి. లోహం సంగతి తెలిసినదాన్ని కనక చెబుతున్నాను, సత్తుకు ఏ అంటూ అంటదు. అంటేదంతా మనుషుల బుర్రలకే. ఆ గ్లాసు చూసినప్పుడల్లా నాకు దూలం విరిగేటట్టు ఉరమాలనిపించేది.

పదకొండో ఏట రామగోపాలం గారు మాటిచ్చారు. పెద్ద నాటక పరిషత్తు పోటీలొస్తున్నాయి, అక్కడ షీల్డు కొట్టాలని ఆయనకు ఆశ. ఉరుము కాస్త తప్పితే గంగలో కలుస్తామని ఆయనకూ లోలోపల తెలుసు. "ఈసారి షీల్డు తెచ్చామా, మన హాలు వార్షికోత్సవంలో రాజు వేషం నీదే. సరేనా?" అన్నారు, పదిమంది ముందు.

"ఆయ్! తవరి మాటే చాలండి," అన్నాడు ఏసుపాదం. ఆ రోజు నన్ను గుడ్డతో రెండుసార్లు తుడిచాడు. అతని భార్య మార్తమ్మ జనపనార తెచ్చి, చిక్కు తీసి, రాత్రింబగళ్ళు పేని గడ్డం తయారుచేసింది. హాలుకు తెచ్చి మొగుడి మొహానికి కట్టి, దూరం జరిగి చూసి, "మా తాతలాగున్నావయ్యా" అని పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను చూస్తూనే ఉన్నాను.

పరిషత్తులో ఆ సాయంత్రం పద్నాలుగు సార్లు ఉరిమాను. షీల్డు వచ్చింది! ఉత్తమ ప్రదర్శన మాదే. అయితే ఉత్తమ నటుడి బహుమతి మాత్రం వేరే ఊరివాడు ఎగరేసుకుపోయాడు. న్యాయనిర్ణేత మైకు ముందుకొచ్చి చెప్పాడు. "రాజు పాత్రధారి వాచికం గొప్పదే అయ్యుండాలి. ఉరుముల గోలలో మాకు వినబడలేదు. అవి లేకుంటే ఆ బహుమతి ఆయనదే."

అంతే! రామగోపాలం గారు ఆ మాట నమ్మేశారు. నవ్వకండి, నిజంగా నమ్మారు. పదకొండేళ్ళు ప్రతి మరుపు మీదా నన్ను కప్పీ కప్పీ, అసలు తానెప్పుడూ మరిచిపోలేదన్న భ్రమలో పడ్డారు ఆ మనిషి. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళను విన్నాను, ఆడించిన మద్దెలనే తగలేస్తానన్నవాడిని అక్కడే చూశాను. మర్నాడు హాల్లో అందరినీ కూర్చోబెట్టి ఏసుపాదాన్ని నిలబెట్టారు.

"నీ రేకు డబడబల్లో నా మాటలన్నీ కొట్టుకుపోయాయి. నా బహుమతి నీ మూలాన పోయింది. ఎవడు ఉరమమన్నాడ్రా నిన్ను అన్నిసార్లు?"

 ఏసుపాదం తలెత్తాడు. "అయ్యగారండీ, తవరు మర్చిపోయిన కాడే ఉరిమానండి. ఇంకెక్కడా ఉరమలేదండి. కావాలంటే మాస్టారిని అడగండి."

"నేను మర్చిపోయానా! నేను!"

అందరూ అవధానులు మాస్టారి వంక చూశారు. ఆ పద్నాలుగు సార్లూ నా చాటున గొంతు బొంగురుపోయేదాకా అరిచింది ఆయనే. ఆయన రాసిన నాటకమే, ఉన్నమాట చెప్పిన పిల్లను వెళ్ళగొట్టే నాటకం. ఆయన కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని కుక్కిన పేనులా ఊరుకున్నారు. రామగోపాలం గారి కంటే నాకు ఆ మనిషి మీదే ఎక్కువ కోపం వచ్చింది. తెలియనివాడు మూర్ఖుడు. తెలిసి నోరు కట్టేసుకున్నవాణ్ణి ఏమనాలి?

"వేషమూ లేదు, గీషమూ లేదు. ఇక ఈ హాలు గుమ్మం తొక్కకు. వార్షికోత్సవంలో ఒక్క ఉరుము కూడా ఉండదు. నా మాట జనం చెవుల్లో పడాలి," అన్నారు రామగోపాలం గారు. ఏరు దాటి తెప్ప తగలేసేశారు.  ఏసుపాదం సత్తు గ్లాసు కడిగి కిటికీలో బోర్లించి వెళ్ళిపోయాడు. నన్ను దూలం మీంచి దించి, పిడి ఊడబీకి, స్టేజీ పక్క విరిగిన కిటికీకి అడ్డంగా నాలుగు మేకులతో కొట్టారు. ఉరమడానికి పుట్టినదాన్ని గాలి ఆపడానికి పెట్టారు.

వార్షికోత్సవం వచ్చింది. సాయంత్రం ఆరింటికల్లా హాలు కిటకిటలాడింది. పై అధికారి ఒకాయన ముందు వరసలో సోఫాలో కూర్చున్నారు. ఏసుపాదం కూడా వచ్చాడు. డ్యూటీ దిగి అటునుంచటే ఖాకీ బట్టలతో వచ్చి అందరికంటే వెనక గోడవార నేలమీద చతికిలబడ్డాడు. గుమ్మం తొక్కొద్దన్నారుగా మరి, ఎందుకొచ్చావయ్యా? సిగ్గులేదా? అనుకున్నాను. అతను రాజు మాటల కోసం వచ్చాడని తర్వాత తెలిసింది. ఆ మాటలు వినకుండా ఉండలేడు.

గాలివాన రంగం వచ్చింది. "నా కోట గోడలన్నీ నన్ను పొగిడాయి!" అన్నారు రామగోపాలం గారు. ఇంకో రెండు వాక్యాలన్నాక ఆగారు. నేను మేకుల మధ్య బిగుసుకుపోయాను. ఆయన కళ్ళు మెల్లగా ఇటు తిరిగాయి, నేను వేలాడిన దూలం వైపు. అక్కడ నేను లేను. మాస్టారు గుసగుసగా అందించారు. వినబడలేదు. గట్టిగా అందించారు. మొత్తం హాలుకు వినబడింది.

"మాస్టారూ, మీరే వచ్చేయండి సార్!" అని ఎవరో కేకేశారు. ఈలలు మొదలయ్యాయి. మాస్టారి చేతుల్లోంచి కాగితాలు జారి స్టేజీ అంతా పరుచుకున్నాయి. నిజం చెబుతున్నాను, నాకు పండగలా ఉంది. పదకొండేళ్ళ తర్వాత ఆ బోడి మరుపు బట్టల్లేకుండా జనం ముందు నిలబడింది. ఇంకా ఈల వెయ్యండిరా అనుకున్నాను.

అప్పుడు వెనక గోడ దగ్గరనుంచి ఒక గొంతు వచ్చింది.

"నా కోట గోడలన్నీ నన్ను పొగిడాయి. నా గుర్రాలు సకిలిస్తే అదీ నా పొగడ్తే అనుకున్నాను. వానా! నీకు నా కిరీటం అక్కర్లేదు, నా మెప్పు అక్కర్లేదు. నువ్వొక్కదానివే నా మొహం మీద కొట్టి మాట్లాడుతున్నావు..."

ఏసుపాదం లేచి నిలబడ్డాడు. రామగోపాలం గారిని కాపాడదామనీ కాదు, తలదించుదామనీ కాదు. ఆ మాట సగంలో తెగిపోవడం అతను ఓర్చుకోలేకపోయాడు, అంతే. పట్టాల మీద పదకొండేళ్ళు బిగించిన మాటలు. ఒక్కటీ వదులుగా లేదు. ఈలలు ఆగిపోయాయి. జనం తలలన్నీ వెనక్కి తిరిగాయి. అతను కడదాకా చెప్పాడు. నాలుగు మేకుల్లో రెండు లూజైపోయేటట్టు నా ఒళ్ళు అదిరింది. చెప్పడం అయ్యాక అతను ఎలా లేచాడో అలాగే కూర్చున్నాడు.  హాలు పగిలిపోయేటట్టు చప్పట్లు.

ఇక్కడితో కథ అయిపోతే నాకింత కడుపుమంట ఎందుకు? రామగోపాలం గారు రెండడుగులు ముందుకేసి, చేతులు జోడించి, చిరునవ్వు నవ్వి, "ఇది మా సమితి చేసిన కొత్త ప్రయోగం. రాజు అంతరాత్మ ప్రజల్లోంచి మాట్లాడుతుంది," అన్నారు! చప్పట్లు రెట్టింపయ్యాయి. సోఫాలో అధికారి లేచి స్టేజీ ఎక్కి ఆయన మెళ్ళో దండ వేశారు. ఏం బుర్రండీ! నాలుక మీదికి నాలుగో వాక్యం రానివాడికి ఆ అబద్ధం మాత్రం తడుముకోకుండా వచ్చేసింది. సొమ్మొకడిది, సోకొకడిది. గోడవార కూర్చున్న మనిషి వంక ఒక్కడూ మళ్ళీ తిరిగి చూడలేదు.

జనం వెళ్ళాక ఆయన ఏసుపాదాన్ని పిలిపించారు. దండ ఇంకా మెళ్ళోనే ఉంది. "పోనీలే, జరిగిందేదో మంచికే జరిగింది. వచ్చే పరిషత్తుకు కూడా ఇదే పద్ధతి పెడదాం. నువ్వు జనంలో కూర్చో. నేను గడ్డం నిమురుకుంటే నువ్వందుకో."

"జనంలోంచి చెప్పనండి," అన్నాడు ఏసుపాదం. గొంతు పెంచలేదు. "చెబితే పైకెక్కే చెబుతానండి. నాకా రేకు ఇప్పించండయ్యగారూ, చాలు."

"ఏ రేకు? ఆ కిటికీదా? పాత సామాను. పట్టుకుపో."

పాత సామాను! పదకొండేళ్ళు తన మర్యాద మోసినదాన్ని! ఏసుపాదం మొలలోంచి పానా తీసి, నా అంచు కింద దూర్చి ఎత్తుతూ ఒక్కో మేకూ తనే పీకాడు. పీకుతుంటే అవధానులు మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డారు. "ఏసుపాదం, ఆ రోజు నేను..." అని ఆగారు. ఏసుపాదం ఆఖరి మేకు పీకి, "దానికేవుంది లెండి మాస్టారూ, ఈ కొస పట్టుకోండి," అన్నాడు. ఆయన పట్టుకున్నారు. నన్ను ఇద్దరూ కలిసి, పట్టాల పనివాళ్ళుండే గ్యాంగు క్వార్టర్స్ దాకా మోశారు. ఆయన చేతుల్లో ఉన్నంతసేపూ నేను కావాలనే గుర్రుగుర్రుమంటూనే ఉన్నాను.

రెండు నెలలకు క్వార్టర్స్ మధ్య ఖాళీ స్థలంలో, పాత స్లీపర్లు పేర్చి కట్టిన అరుగు మీద, ఆదివారం సాయంత్రం ఎండ చల్లబడే వేళకు నాటకం మొదలైంది. నాకు కొత్త పిడి బిగించి అరుగు పక్కన వేలాడదీశారు. సేనాపతులంతా గ్యాంగుమెన్లే. కూతుళ్ళు వాళ్ళింటి ఆడవాళ్ళే. చేత్తో రాసిన కరపత్రంలో రాజు ఏసుపాదం. అన్నిటికంటే అడుగున, విడిగా, 'ఉరుము: మార్తమ్మ'. పదకొండేళ్ళలో కళాసమితి వాళ్ళు మైకు అద్దెకిచ్చినవాడి పేరు కూడా అచ్చేశారు కానీ ఉరుముకు పేరు వెయ్యలేదు.

అవధానులు మాస్టారు రాతప్రతి పట్టుకుని వచ్చి, అరుగు పక్కన పీట వేసుకున్నారు. మార్తమ్మ ఆయనకు టీ తెచ్చి ఇచ్చింది. సత్తు గ్లాసు. అక్కడ అందరికీ అవే. ఆయన దాని వంక కాసేపు చూసి, పూర్తిగా తాగి, లేచి తనే కడగబోయారు. "ఉంచండి మాస్టారూ, ఇక్కడ ఎవరి గ్లాసు వాళ్ళు కడగక్కర్లేదు," అని మార్తమ్మ లాక్కుంది.

జనపనార గడ్డం కట్టుకుని ఏసుపాదం పైకెక్కాడు. మాస్టారు కాగితాలు తిరగేస్తుంటే వంగి, "అది మూసెయ్యండి మాస్టారండీ," అన్నాడు. ఆయన మూసేశారు. రాజు "నా కోట గోడలన్నీ నన్ను పొగిడాయి" అన్నాడు. అలవాటుకొద్దీ నేను గుంజుకున్నాను, ఇప్పుడు ఉరమాలి, ఇప్పుడు కప్పాలి అని. మార్తమ్మ రెండు చేతులతో పిడి గట్టిగా పట్టి నన్ను ఆపింది. మొగుడి మొహం మీంచి ఆమె చూపు కదలలేదు. రాజు రెండో వాక్యం అన్నాడు. మూడోది అన్నాడు. నాలుగోది కూడా అన్నాడు.

ఇప్పుడు నాకు అంచుల్లో తుప్పు పట్టింది. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు వచ్చి అడిగితే మార్తమ్మ చీపురు తిరగేసింది. రామగోపాలం గారు రిటైరయ్యారట, ఆ షీల్డు ఆయన డ్రాయింగు రూములో ఉందట. ఉండనీండి. ఆ మనిషి మీద నా కోపం తుప్పుతో కూడా పోదు.

ఆ ఆదివారం మాత్రం ఆరంభం నుంచి ఆఖరుదాకా, ఎర్ర సిరాతో రాసిన చోట మూడుసార్లే ఉరిమాను. మిగతాసేపంతా నోరు మూసుకుని ఏసుపాదం చెప్పేది విన్నాను.